కొత్త నవల చదివాక ఏం రాయాలి: ప్రేమకథలు, ఫాంటసీలు, థ్రిల్లర్లు చదివే సీమ పాఠకుల కోసం

"సూపర్", "కథనం పరుగులు పెట్టించింది", "ఏకబిగిన చదివించింది". ఈ మాటల్ని ఏ నవల కిందైనా పెట్టొచ్చు. అందుకే ఆ పుస్తకం కొనాలా వద్దా అని చూస్తున్న మనిషికి వీటివల్ల ఏమీ తెలియదు. స్పందనలో పుస్తకంలోని ఒక చోటు కనబడాలి. ఎక్కడ పట్టేసింది, ఎక్కడ పేజీలు దాటేశారు, కారణమేంటి. ఉదాహరణకు ఇలా: "పన్నెండో అధ్యాయంలో నాయిక చేతికి తాళంచెవి వస్తుంది, అయినా గది తలుపు తీయదు. ఎందుకో రచయిత ఆరు అధ్యాయాల దాకా చెప్పరు. ఆ ఆరు అధ్యాయాలూ నేను చదివింది ఆ తలుపు కోసమే." మూడు నాలుగు వాక్యాలే, కానీ పుస్తకం ఎలా పనిచేస్తుందో తెలిసిపోయింది, కథ గుట్టు మాత్రం బయటపడలేదు.

ఇలా రాయాలంటే పని చదివేటప్పుడే మొదలవ్వాలి. సొంత పుస్తకమైతే మార్జిన్లో పెన్సిలుతో గుర్తులు పెట్టండి. జిల్లా కేంద్ర గ్రంథాలయం నుంచి తెచ్చుకున్నదైతే గీతలు వద్దు, పేజీకి చిన్న చీటీ పెట్టి దాని మీద రాయండి. నాలుగు గుర్తులు చాలు: పట్టేసిన చోట కూడిక, విసిగించిన చోట తీసివేత, అనుమానం వచ్చిన చోట ప్రశ్నార్థకం, జరగబోయేది ముందే ఊహించిన చోట 'ఊ'. అన్నిట్లోకి విలువైనది 'ఊ'. పుస్తకం మూసేశాక "హంతకుడు వాడేనని నాకు మొదట్నుంచీ తెలుసు" అనిపించడం మామూలే. నిజంగా తెలిసిందో లేదో చెప్పేది ఆ చీటీ ఒక్కటే.

నవలను నాలుగు భాగాలు చేసుకోండి. 320 పేజీల పుస్తకమైతే 80, 160, 240 పేజీల దగ్గర ఆగి రెండేసి వాక్యాలు రాసుకోండి: ఇప్పుడు నాకు ఏం తెలుసుకోవాలని ఉంది, ఎవరంటే ఇష్టం, ఎవరంటే అనుమానం. ఇది దాటేస్తే ముగింపు మిగతా పుస్తకాన్నంతా మింగేస్తుంది. చివరి 30 పేజీలు బాగుంటే మధ్యలో పడ్డ విసుగంతా మరిచిపోతాం, చివర చెడితే ముందున్న మంచి కూడా గుర్తుండదు. చదవడం అయిపోయిన రాత్రే పోస్టు పెట్టకండి, మర్నాడు రాయండి. వారం దాటితే మాత్రం పాత్రల పేర్లు కూడా కలిసిపోతాయి.

ప్రేమకథ

ఇద్దరూ చివరికి కలుస్తారని పాఠకుడికి మొదటే తెలుసు. కాబట్టి చూడాల్సింది కలుస్తారా లేదా అన్నది కాదు, అడ్డు ఏంటన్నది. ఆ అడ్డును ఒక్క వాక్యంలో రాసి చూడండి. ఒక్క ఫోన్‌కాల్‌తో తీరిపోయే అపార్థమే అడ్డయితే కథకు బలం లేనట్టే. ఇది ఎక్కువగా ముప్పావు భాగం దాటాక వస్తుంది: నాయిక ఎవరితోనో మాట్లాడుతుండగా నాయకుడు దూరం నుంచి చూసి, ఏమీ అడక్కుండా ఊరొదిలి వెళ్ళిపోతాడు. ఆ మనిషి నోరు తెరిచి అడగలేడని మొదటి అధ్యాయాల నుంచీ చూపించి ఉంటే అదే సన్నివేశం గుండె పిండుతుంది. అందుకే "అపార్థం పెట్టారు, బాగాలేదు" అని తేల్చెయ్యకుండా, దానికి ముందు ఎక్కడైనా పునాది పడిందేమో వెతికి రాయండి.

ఒప్పంద పెళ్లి కథలు ఇప్పుడు కథల యాప్‌లలో కుప్పలుగా వస్తున్నాయి. వాటిలో ఒప్పందం షరతులేంటి, ఎవరికి లాభం, ఏ ఎపిసోడ్ నుంచి ఆ షరతుల్ని రచయిత మరిచిపోయారు అన్నది గమనించండి. నాయిక ఉద్యోగం మొదటి అధ్యాయంలో కనబడి ఆ తర్వాత మాయమైతే ఆ సంగతీ రాయాలి. వద్దన్నాక కూడా వెంటపడటాన్ని ప్రేమగా చూపిస్తే మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పండి, చదవబోయేవాళ్ళకు అది తెలియాలి. ఇద్దరూ 'మీరు' నుంచి 'నువ్వు'కు ఎక్కడ మారారో కూడా చూడండి. మన ఇళ్ళలో అది పెద్ద ఘట్టం. మంచి రచయితలు దాని కోసం ఒక సన్నివేశం కేటాయిస్తారు, కొందరు తెలియకుండానే పేజీ మధ్యలో మార్చేస్తారు.

ఫాంటసీ

ఒక కాగితం మీద రెండు వరుసలు గీయండి. ఎడమవైపు ఆ లోకంలోని శక్తులు, కుడివైపు ఒక్కో శక్తి వాడినందుకు చెల్లించే మూల్యం. కుడివైపు ఖాళీగా ఉంటే కథలో ప్రమాదం లేదని అర్థం, ఎందుకంటే ఏ చిక్కునైనా మంత్రంతో విప్పేయొచ్చు. పతాక సన్నివేశంలో అంతకుముందు ఎక్కడా ప్రస్తావన లేని శక్తి హఠాత్తుగా పుట్టుకొస్తే అది దోషం. అలా అనేముందు మళ్ళీ వెనక్కి తిప్పి చూడండి, ఒక్కోసారి నూరో పేజీలో ఒక్క వాక్యంలో చెప్పి ఉంటారు. మొదటి 50 పేజీల్లో కొత్త పేర్లెన్నో లెక్కపెట్టండి. పేర్ల జాబితా పెరుగుతున్నా ఎవరూ ఏ పనీ చెయ్యకపోతే పాఠకుడు అక్కడే జారిపోతాడు. నవల మాలలో మొదటి భాగమైతే, ఈ భాగంలో లేవనెత్తిన ప్రశ్నల్లో కనీసం ఒకటైనా ఇక్కడే తీరిందా లేదా చెప్పడం తప్పనిసరి. రెండో భాగం కోసం ఎదురుచూడాలో లేదో దాన్ని బట్టే తేల్చుకుంటారు.

ఒక హెచ్చరిక. కల్పనను కొలతబద్దతో కొలవకండి. బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు, సందర్శకులు తిరగగలిగేది దాదాపు కిలోమీటరున్నర. ఆ గుహల కింద నాగరాజ్యం ఉందని రచయిత అంటే అది తప్పు కాదు, ఊహ. అదే గుహలకు కొండెక్కి వెళ్ళినట్టు రాస్తే తప్పు, అవి చదును పొలాల కింద ఉన్నాయి, మెట్లు దిగి వెళ్ళాలి.

థ్రిల్లర్

ఎక్కువ కష్టపడాల్సింది ఇక్కడే. చదవడం అయ్యాక మొదటి మూడు అధ్యాయాలు మళ్ళీ చదవండి. హంతకుడు తొలిసారి ఏ పేజీలో కనబడ్డాడు? చివరి పావు భాగంలో పరిచయమైనవాడే దోషి అయితే రచయిత పాఠకుణ్ణి ఆటలోకి రానివ్వలేదన్నమాట. కీలకమైన ఆధారాలన్నీ డిటెక్టివ్ కంటే ముందో, డిటెక్టివ్‌తో పాటో మనకూ కనబడ్డాయా? కనబడీ మనం పట్టుకోలేకపోతే అది రచయిత ప్రతిభ. దాచిపెట్టి చివర్లో బయటికి తీస్తే మోసం. ఈ రెండూ చదివేటప్పుడు ఒకేలా ఆశ్చర్యపెడతాయి, తేడా తెలిసేది రెండోసారి చదివినప్పుడే.

తర్వాత సమయాల పట్టిక వేయండి: హత్య ఎన్ని గంటలకు, ఎవరు ఎక్కడున్నారు, ఎంతసేపట్లో చేరారు. కర్నూలు నుంచి అనంతపురానికి 44వ నంబరు జాతీయ రహదారి మీద డోన్, గుత్తి దాటుకుంటూ దాదాపు 150 కిలోమీటర్లు. ఎస్సై గంటలో చేరుకుంటే ఆ సమయాల లెక్క కూలిపోయినట్టే.

చట్టం విషయంలో ఇప్పటి నవలలు ఎక్కువగా జారుతున్నది ఒకచోట. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకు 302 పోయి సెక్షన్ 103 అయింది. 2025లో జరిగిన హత్యకు "302 కింద బుక్ చెయ్యండి" అని సీఐ అంటే పొరపాటే. అదే హత్య 2023లో జరిగినట్టుంటే 302 సరైనదే, పాత నేరానికి పాత చట్టమే వర్తిస్తుంది. కాబట్టి తప్పు పట్టేముందు కథాకాలం చూసుకోండి. అరెస్టు చేసినవాణ్ణి, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. మూడు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టినట్టు రాసి, అది అక్రమమని కథలో ఎవరికీ తోచకపోతే అడగాల్సిందే.

మన నేల మీద నడిచే నవల

కడప, కర్నూలు, అనంతపురం నేపథ్యంగా వచ్చే నవలల గురించి ఇక్కడి పాఠకుడు చెప్పగలిగింది బయటివాళ్ళు చెప్పలేరు. ముందు యాస చూడండి. చాలా నవలల్లో "ఎక్కడికి వెళ్తున్నావప్పా? వాడు ఇందాకే వచ్చాడప్పా" అని ఉంటుంది. ఇది కోస్తా వాక్యానికి చివర 'అప్పా' అతికించడం. అనంతపురం మనిషి "యాడికి పోతాండావప్పా? వాడు ఇప్పుడే వచ్చినాడు" అంటాడు. యాస క్రియలో ఉంటుంది, పిలుపులో కాదు. స్పందనలో నవల వాక్యం ఒకటి, మీరు వినే వాక్యం ఒకటి పక్కపక్కన పెట్టండి, "యాస సహజంగా లేదు" అనే తీర్పు కంటే అది రచయితకు ఎక్కువ పనికొస్తుంది. జిల్లాకూ జిల్లాకూ, మండలానికీ మండలానికీ తేడా ఉంటుంది కాబట్టి మీది ఏ వైపో కూడా చెప్పండి.

తర్వాత నేల, రుతువు. వర్షాధారపు వేరుశనగ ఖరీఫ్ పంట, వానలు పడ్డాక వేస్తారు. ప్రేమికులు ఏప్రిల్‌లో ఆ చేలో పచ్చదనం మధ్య నడుస్తుంటే బోరుబావి ఉందో లేదో రచయిత చెప్పాలి. జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో శనగ చలికాలపు పంట. జిల్లాలు 2022 ఏప్రిల్ 4న మారాయి, ఆ తర్వాత నడిచే కథలో బెలుం నంద్యాల జిల్లా కిందికి వస్తుంది.

ఫ్యాక్షన్ నేపథ్యమైతే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆ ఊళ్ళో చేను దున్నేవాళ్ళు, బడికి పోయేవాళ్ళు, అంగడి నడిపేవాళ్ళు ఎవరైనా పేరుతో ఉన్నారా? సుమోలు, నాటుబాంబులు తప్ప ఇంకేమీ లేకపోతే ఆ మాట గట్టిగా రాయండి. ఈ విషయంలో ఇక్కడి పాఠకులు ఊరుకున్నంతకాలం అదే ఊరు మళ్ళీ మళ్ళీ అచ్చవుతుంది.

రాసేటప్పుడు

400 నుంచి 500 మాటలు చాలు. పైన నవల పేరు, రచయిత, ప్రచురణ, పేజీలు, వెల ఇవ్వండి. అనువాదమైతే అనువాదకుల పేరు, మూలభాష తప్పక ఇవ్వండి. యాప్ సీరియల్ అయితే ఎన్నో ఎపిసోడ్ దాకా చదివారో చెప్పండి. ప్రతి ఎపిసోడ్ చివరా కొక్కెం వెయ్యడం, అంటే తర్వాత ఏమవుతుందో అనిపించేలా ఆపడం, ఆ పద్ధతిలోనే ఉంది, దాన్ని తప్పు పట్టకండి, కొక్కెం వేసిన సంగతి తర్వాతి ఎపిసోడ్‌లో తేలిందా అన్నది చూడండి.

మొదటి పేరాలో కథ చెప్పకండి, మీకు తగిలిన ఒక చోటుతో మొదలుపెట్టండి. కథ నాలుగైదు వాక్యాలు మించకూడదు, మొదటి పావు భాగం దాటకూడదు. అంతకు మించి చెప్పాల్సివస్తే ముందే హెచ్చరించి కింద విడిగా రాయండి. "చివర్లో పెద్ద ట్విస్ట్ ఉంది" అనడం కూడా స్పాయిలరే, ఆ మాట విన్నవాళ్ళు ప్రతి పేజీలోనూ దాన్నే వెతుకుతారు. విమర్శ కోసం నవల నుంచి కొద్ది వాక్యాలు ఉటంకించడానికి 1957 కాపీరైట్ చట్టం వీలిస్తుంది. పేజీలకు పేజీలు ఫొటో తీసి పెట్టడం వేరు సంగతి.

చుక్కలు (స్టార్ రేటింగ్) ఇచ్చే అలవాటుంటే ప్రేమకథను ప్రేమకథతో, థ్రిల్లర్‌ను థ్రిల్లర్‌తో పోల్చి ఇవ్వండి. మధ్యలో ఆపేసిన పుస్తకానికి చుక్కలు వద్దు. ఏ పేజీలో ఆపారో, ఆ పేజీలో ఏముందో రాయండి. "140వ పేజీలో మూడో కల సన్నివేశం దగ్గర ఆపేశాను" అంటే కలలు నచ్చేవాళ్ళు ఆ పుస్తకాన్నే వెతుక్కుంటూ వెళ్ళొచ్చు.