నిజాం రైల్వే దస్త్రాలు చదవడం – 6వ పాఠం: బి.జి. అంటే ఏ బి.జి.?

ఈసారి నిర్వహణ నిష్పత్తి (ఆదాయంలో రైలు నడపడానికి పోయింది ఎంత శాతం అన్న లెక్క) మొదలుపెట్టాల్సింది. పోయిన పాఠంలో ఇచ్చిన మారకం లెక్క చాలామందికి తలకిందులైంది. అది సరిచేయకుండా ముందుకు పోతే తప్పు మీద తప్పు పేరుకుంటుంది. నిష్పత్తి సంగతి చివర్లో చూద్దాం.

లెక్క ఇది: 1,75,000 హాలీ రూపాయలు (నిజాం నాణెం) కల్దారులో (బ్రిటిషు రూపాయిలో) ఎంత? జవాబు 1,50,000. ఎక్కువమంది రాసిన జవాబు 2,04,166-10-8 (రూపాయలు-అణాలు-పైలు). అంటే 7కు 6 అన్నది గుర్తుంది గానీ, ఏది 7, ఏది 6 అన్నది జారిపోయింది. నిజాం రూపాయి చవక, బ్రిటిషు రూపాయి ప్రియం. 7 హాలీలు ఇస్తే 6 కల్దార్లు వస్తాయి. హాలీ నుంచి కల్దారుకు మారిస్తే అంకె తగ్గాలి. పెరిగిందంటే అక్కడే ఆగండి. పాత కాగితాల్లో 116-10-8 అని తరచూ కనిపించేది ఈ రేటే: 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. అయితే ఈ రేటును 1880ల కాగితాలకు అంటించకండి. 1904 ప్రాంతంలో మరమీద ముద్రించిన చార్మినార్ రూపాయి రాకముందు మారకం కదులుతూనే ఉండేది. ఆ ఏటి రేటు ఆ దస్త్రంలోనే వెతుక్కోవాలి.

రెండో పొరపాటు చిన్నదే. 347-11-4ను కాలిక్యులేటర్లో 347.114 అని కొట్టారు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, అంటే రూపాయికి 192 పైలు. 11 అణాల 4 పైలు 136 పైలు. 192తో భాగిస్తే 0.7083. కాబట్టి కొట్టాల్సింది 347.7083. దాన్ని 6తో గుణించి 7తో భాగిస్తే 298.0357, అంటే 298-0-7. మధ్యలో ఆ సున్నా రాయడం మానకండి. 298-7 అని రాస్తే రేపు మీరే దాన్ని 7 అణాలుగా చదువుతారు.

ఇక అసలు తంటా. ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ వస్తుంది కాబట్టి ఈసారి కాస్త సాగదీస్తాను.

దస్త్రాల్లో ఓ.ఎస్. అంటే ఉస్మానియా సిక్కా, హెచ్.ఎస్. అంటే హాలీ సిక్కా, రెండూ నిజాం నాణెమే. బి.జి. అంటే బ్రిటిష్ గవర్నమెంట్ రూపాయి, మన కల్దారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఇవి రైల్వే కాగితాలు. రైల్వేలో బి.జి. అంటే బ్రాడ్ గేజ్ కూడా (గేజ్ అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు). ఒకే పుటలో రెండూ ఉండొచ్చు. "బి.జి. ఆదాయం" అన్న వరుస చూసి కొందరు కల్దారు ఆదాయం అనుకున్నారు, మరికొందరు పక్కనున్న ఎం.జి.ని ఇంకో రకం నాణెం అనుకుని దానికీ మారకం కట్టారు! ఎం.జి. అంటే మీటర్ గేజ్.

తేల్చుకునే పద్ధతి: ఆ అక్షరాలకు జత ఏమిటో చూడండి. జత ఎం.జి. అయితే గేజ్. జత ఓ.ఎస్. అయితే నాణెం. జత లేకపోతే ప్రమాణం చూడండి: మైళ్లు, ఇంజన్లు, వ్యాగన్ల పక్కనుంటే గేజ్, రూపాయి గుర్తును అంటిపెట్టుకుని ఉంటే నాణెం. "ఆదాయం" పక్కన ఒంటరిగా ఉంటే మాత్రం ఊహించవద్దు, పుట పైనున్న శీర్షిక దాకా వెళ్లండి.

సంవత్సరం కూడా సాయపడుతుంది. 1874లో తెరిచిన వాడి–సికింద్రాబాద్ లైను, 1889లో బెజవాడ చేరిన లైను బ్రాడ్ గేజే. మన్మాడ్ వెళ్లే గోదావరి లోయ మీటర్ గేజ్ 1899 ప్రాంతంలోనే మొదలైంది. అంతకుముందు నిజాం రైల్వే కంపెనీకి ఉన్నది ఒక్కటే గేజ్, విడిగా చెప్పాల్సిన అవసరం తక్కువ. అందుకని 1899కి ముందు బి.జి. కనిపిస్తే నేను నాణెం వైపు మొగ్గుతాను, తర్వాత శీర్షిక చూసి ఖాయం చేసుకుంటాను.

సంవత్సరం అంటే ఏ సంవత్సరం అన్నది ఇంకో చిక్కు. ఈ రోజుల్లో జమాబందీ కాగితాలు చూసినవాళ్లకు ఫస్లీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) అంటే జూలై 1న మొదలయ్యేది. నిజాం ప్రభుత్వపు ఫస్లీ అక్టోబరు 6 ప్రాంతంలో, ఆజర్ నెలతో మొదలవుతుంది. అందుకే ఫస్లీని క్రీస్తు శకంలోకి మార్చాలంటే, ఫస్లీ అంకెకు అక్టోబరు–డిసెంబరు తేదీలకు 590, జనవరి నుంచి అక్టోబరు మొదటి వారం దాకా 591 కలపాలి. నిజాం ప్రభుత్వం రైల్వేను కొనేసిన 1930 ఏప్రిల్ 1 పడేది 1339 ఫస్లీలో, 1340లో కాదు. రైల్వే బస్సులు మొదలైన 1932 జూన్ 1341 ఫస్లీ. ఏప్రిల్–మార్చి లెక్కలో 1930–31 అన్నది సగం 1339లో, సగం 1340లో ఉంటుంది. ఆ నివేదికను 1340 ఫస్లీ సర్కారు బడ్జెట్ పక్కన పెట్టి "తేడా ఎక్కడిది?" అని తల బాదుకుంటే, తేడా క్యాలెండరుదే.

పౌండ్ల సంగతి త్వరగా ముగిస్తాను. 1883లో లండన్‌లో ఏర్పడిన కంపెనీకి నిజాం ప్రభుత్వం 20 ఏళ్లపాటు 5 శాతం వడ్డీ హామీ ఇచ్చింది. ఆ భారం పౌండ్లలోది (పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు). లక్ష పౌండ్ల మీద వడ్డీ 5,000 పౌండ్లు. రూపాయి విలువ 1 షిల్లింగు 4 పెన్నీలుంటే 75,000 కల్దార్లు చాలు. 1 షిల్లింగు 2 పెన్నీలకు పడితే అదే వడ్డీకి 85,714-4-7 కావాలి. 1890లలో రూపాయి అంతకంటే కిందికి కూడా దిగింది. రైళ్లు ఎలా నడిచినా హైదరాబాద్ ఖజానాకు భారం పెరిగిందంటే ఒక కారణం ఇది.

నిర్వహణ నిష్పత్తి: నిర్వహణ ఖర్చును మొత్తం ఆదాయంతో భాగించి వందతో గుణించండి. మచ్చుకి ఖర్చు 5,58,000, ఆదాయం 12,40,000 అయితే 45 శాతం. రెండూ ఒకే నాణెంలో ఉంటే మారకం కట్టనక్కర్లేదు, నిష్పత్తి మారదు. పైన పడ్డ కష్టంలో సగం ఇక్కడ అవసరమే లేదు. నేనైతే వీలైనంతవరకు నిష్పత్తులతోనే పని కానిస్తాను. ఒక్క షరతు: హామీ వడ్డీని నిర్వహణ ఖర్చులో కలపకూడదు. అది పెట్టుబడి మీద చెల్లింపు, రైలు నడిపిన ఖర్చు కాదు. అలాగే నిజాం రాజ్యపు సరిహద్దు నుంచి బెజవాడ దాకా ఉన్న ముక్క భారత ప్రభుత్వానిది, కంపెనీ నడిపింది అంతే. దాని ఆదాయాన్ని విడిగా ఉంచండి.

అభ్యాసం, ఈసారి కాస్త బరువే. హైదరాబాద్ తార్నాకలోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లోనో మీకు అందిన ఏ వార్షిక నివేదికలోనో వరుసగా ఐదేళ్ల ఆదాయం, ఖర్చు ఎత్తి రాయండి. పెన్సిల్‌తోనే రాయండి. ప్రతి అంకె పక్కన నాలుగు గడులు: నాణెం, గేజ్, ఏడాది మొదలైన తేదీ, ఆర్కైవ్స్‌లో ఆ ఫైలును గుర్తుపట్టే ఇన్‌స్టాల్‌మెంట్–లిస్ట్–సీరియల్ నంబర్లు. నంబర్లు లేకపోతే ఆ ఫైలు మళ్లీ మీ చేతికి రావడం కష్టం. తెలియని గడిని ఖాళీగా వదలండి, ఊహతో నింపవద్దు. ఆ తర్వాతే నిష్పత్తి కట్టండి. ఐదేళ్లలో ఒక ఏడు నిష్పత్తి ఉన్నట్టుండి పది శాతం దూకితే, కరువనో బొగ్గు రవాణా అనో కారణం రాసేముందు నాణెం గడి, తేదీ గడి ఇంకోసారి చూడండి.