దిగే ముందు కొలవండి: ఈటీపీ గుంతల్లో హైడ్రోజన్ సల్ఫైడ్‌ను మీటర్‌తో పట్టుకునే పద్ధతి

కుళ్లిన కోడిగుడ్డు కంపు వస్తే గ్యాస్ ఉన్నట్టు, కంపు పోతే గ్యాస్ పోయినట్టు అని ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) గుంతల దగ్గర పనిచేసేవాళ్లలో చాలామంది లెక్క వేసుకుంటారు. విశాఖ చుట్టుపక్కల పరవాడలోనైనా, అచ్యుతాపురంలోనైనా, ఫిషింగ్ హార్బర్‌లోనైనా ఇదే మాట వినిపిస్తుంది. ఈ లెక్కలో మొదటి సగం నిజం, రెండో సగం ప్రాణాలు తీస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను మన ముక్కు ఒక పీపీఎం కూడా లేనప్పుడే పసిగడుతుంది. పీపీఎం అంటే పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలు. అదే గ్యాస్ 100 పీపీఎంకు చేరేసరికి, కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారుతుంది. కాబట్టి "ఇందాక కంపు కొట్టింది, ఇప్పుడు లేదు" అంటే గ్యాస్ తగ్గి ఉండొచ్చు, పదింతలు పెరిగీ ఉండొచ్చు. ఏది జరిగిందో ముక్కు చెప్పలేదు, మీటరే చెప్పాలి. ఆ మీటర్ నిజం చెబుతోందో లేదో అంతకంటే ముందు మనం తేల్చుకోవాలి.

కంఠస్థం చేయాల్సిన అంకెలు కొన్నే. 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు పెట్టిన హద్దుల ప్రకారం ఎనిమిది గంటల షిఫ్టు సగటు 10 పీపీఎం దాటకూడదు, పదిహేను నిమిషాల సగటు 15 దాటకూడదు. 100 పీపీఎం అంటే వెంటనే ప్రాణాపాయం ఉన్న గాలి. 500 నుంచి 700 మధ్య మనిషి తూలిపోతాడు, కొద్ది నిమిషాల్లో పడిపోతాడు. అక్కడి నుంచి వెయ్యి దాకా పోతే ఒకటి రెండు ఊపిర్లకే స్పృహ తప్పొచ్చు. నిచ్చెన ఎక్కే వ్యవధి ఉండదు.

గ్యాస్ ఎక్కడ పుడుతుంది

రిఫైనరీలోనూ, ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్ గ్యాస్‌లోనూ ఇది నిత్యం ఉండేదే. అక్కడివాళ్లకు దాని సంగతి తెలుసు. ఎవరూ అనుకోని చోట ఇది పుడితే నష్టం ఎక్కువ. ఫార్మా కంపెనీల ఈటీపీ కలెక్షన్ సంప్ అలాంటి చోటు. సోడియం సల్ఫైడ్, సోడియం హైడ్రోసల్ఫైడ్ వాడిన బ్యాచ్ నీళ్లు క్షారంగా ఉన్నంతసేపు సల్ఫైడ్ నీళ్లలోనే అణిగి ఉంటుంది. పీహెచ్ (నీళ్లు ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7 కంటే తక్కువైతే ఆమ్లం) 9 దగ్గర అందులో నూటికి ఒక వంతు మాత్రమే హైడ్రోజన్ సల్ఫైడ్ రూపంలో ఉంటుంది. 7కు దిగితే సగం, 5కు దిగితే దాదాపు మొత్తం. అదే సంప్‌లోకి ఇంకో బ్లాకు నుంచి ఆమ్లం కలిసిన నీళ్లు వదిలారంటే చాలు, గ్యాస్ పొంగుకొస్తుంది. అందుకే ఈటీపీలో మీటర్ కంటే ముందు జేబులోంచి తీయాల్సింది పీహెచ్ కాగితం. సంప్‌లో పీహెచ్ ఎంతో చూడండి, ఏయే బ్లాకుల లైన్లు అందులో పడుతున్నాయో రాసుకోండి. పని పూర్తయ్యేదాకా ఆ వాల్వులన్నిటికీ తాళం వేసి ట్యాగ్ కట్టాల్సిందే. దిగేటప్పుడు బాగున్న గాలి అరగంటకే విషమైందంటే, చాలాసార్లు పైన ఎవరో వాల్వు తిప్పి ఉంటారు.

మురుగు నీటిలో దారి వేరు. గాలి అందని బురదలో బ్యాక్టీరియా సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తుంది. సముద్రపు నీటిలో సల్ఫేట్ ఎక్కువ, లీటరుకు రెండున్నర గ్రాములకు పైనే. అందుకే ఉప్పునీరు చేరే తీరం వెంబడి కాలువల్లోనూ, మరబోటు అడుగున చేపలు నిల్వచేసే అరలో ఐసు నీళ్లు, చేప ముక్కలు కుళ్లిన చోటా ఈ గ్యాస్‌ను అనుమానించే తీరాలి.

ఏ మీటర్ కావాలి

గుంతలో దిగే పనికి నాలుగు గ్యాస్‌ల మీటర్ కావాలి: ఆక్సిజన్, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్. దానికి పంపు, గొట్టం ఉండాలి. పంపు లేని మీటర్‌ను తాడుకు కట్టి దించితే అలారం వినిపించొచ్చు గానీ ఏ లోతున ఎంత ఉందో చదవలేరు. దీనికి తోడు దిగే ప్రతి మనిషికీ సొంత మీటర్ ఒకటి ఉండాలి. దాన్ని కాలరు దగ్గర, ముక్కుకు జానెడు దూరంలో, చొక్కా పైన పెట్టుకోవాలి. నడుము బెల్టుకు పెట్టుకుంటే అది నడుము దగ్గరి గాలినే చెబుతుంది, జేబులో వేసుకుంటే ఏదీ చెప్పదు.

మీటర్‌కు చేతకానిదేమిటో కూడా తెలిసి ఉండాలి. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్ నుంచి లీకై వెంకటాపురం మీద కమ్ముకున్నది స్టైరీన్. అలాంటి సాల్వెంటు ఆవిరిని కొలవడానికి హైడ్రోజన్ సల్ఫైడ్ సెన్సర్‌ను నమ్ముకోలేం. సంప్‌లో సాల్వెంట్లు పడుతుంటే ఆ ఆవిరిని కొలిచే పీఐడీ (ఫొటో అయోనైజేషన్ డిటెక్టర్) మీటర్ విడిగా కావాలి.

ఇంకో పొరపాటు ఈ వృత్తిలో బాగా పాతుకుపోయింది. "ఆక్సిజన్ 20.9 ఉంది, మండే గ్యాస్ అలారం లేదు, దిగండి" అంటారు. లెక్క చూడండి. 1,000 పీపీఎం అంటే గాలిలో 0.1 శాతమే. దానివల్ల ఆక్సిజన్ 0.02 శాతం తగ్గుతుంది, ఆ తేడా తెర మీద కనిపించదు. హైడ్రోజన్ సల్ఫైడ్ అంటుకునే కనీస మోతాదు 4 శాతం. 0.1 శాతం అందులో నలభయ్యో వంతు, అంటే ఆ కనీస మోతాదును నూరుగా చూపించే మండే వాయువుల గడిలో 2.5 మాత్రమే. ఆ అలారం సాధారణంగా 10 దగ్గర పెడతారు. మనిషిని కూల్చే గాలిలోనూ ఈ రెండు గడులూ నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ సెన్సర్ చెడిపోయిన మీటర్‌తో దిగడం, మీటర్ లేకుండా దిగడం ఒకటే.

బంప్ టెస్ట్

మీటర్ ఆన్ అయ్యింది, తెర మీద సున్నా ఉంది. గాలి బాగుంటే సున్నా చూపిస్తుంది, సెన్సర్ చచ్చిపోయినా సున్నానే చూపిస్తుంది. ఈ రెంటి తేడా తెలియాలంటే తెలిసిన గ్యాస్ కాస్త పట్టించి చూడడమొక్కటే దారి, దీన్నే బంప్ టెస్ట్ అంటారు. ప్రతి రోజూ, పని మొదలయ్యే ముందు.

ముందు సున్నా సరిచేయాలి. దాన్ని ఈటీపీ గట్టు మీద చేయకండి. అక్కడి గాలిలో 3 పీపీఎం ఉంటే మీటర్ దాన్నే సున్నా అనుకుంటుంది, ఆ రోజంతా ప్రతి రీడింగూ 3 తక్కువ చూపిస్తుంది. గాలి వచ్చే వైపుకు, గుంతలకు దూరంగా వెళ్లి చేయండి. ఏసీ గదిలోంచి తీసిన మీటర్‌ను వెంటనే వాడకండి. విశాఖ ఉక్కపోతలోకి రాగానే చల్లటి సెన్సర్ పొర మీద చెమ్మ పడుతుంది, గ్యాస్ లోపలికి సరిగ్గా పోదు. నీడన పావుగంట ఉంచి, తర్వాత సున్నా చేయండి.

నాలుగు గ్యాస్‌లు కలిపిన టెస్ట్ సిలిండర్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ సాధారణంగా 25 పీపీఎం ఉంటుంది. ముందు గడువు తేదీ చూడండి. ఇది నిలవ ఉంటే బలం తగ్గే గ్యాస్, గడువు దాటిన సిలిండర్‌లో 25 ఉందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పంపు లేని మీటర్‌కు నిమిషానికి అర లీటరు వదిలే రెగ్యులేటర్ బిగించండి. పంపు ఉన్నదానికి అది పీల్చుకున్నంతే ఇచ్చే డిమాండ్ ఫ్లో రెగ్యులేటర్ కావాలి. సిలిండర్‌తో సరఫరాదారు ఇచ్చిన గొట్టమే వాడండి. చేతికందిన రబ్బరు గొట్టం గ్యాస్‌ను తనలోకి లాగేసుకుంటుంది, అప్పుడు తప్పు గొట్టానిదైతే నింద సెన్సర్ మీద పడుతుంది.

గ్యాస్ వదిలాక అర నిమిషంలోపు అంకె లేవాలి. తక్కువ హద్దుకు ఒకటి, ఎక్కువ హద్దుకు ఒకటి ఉండే రెండు అలారాలూ మోగాలి, లైట్లు వెలగాలి, వణుకు తెలియాలి. నిమిషం గడిచేసరికి రీడింగ్ 20కీ 30కీ మధ్య నిలవాలి. నిలవకపోతే క్యాలిబ్రేషన్ (తెలిసిన గ్యాస్‌కు తగ్గట్టు రీడింగ్‌ను సరిచేయడం) చేసి మళ్లీ చూడండి. అప్పుడూ రాకపోతే దాన్ని పక్కన పెట్టి ఎర్ర ట్యాగ్ కట్టండి. మామూలుగా ఈ సెన్సర్ ఆయుష్షు రెండేళ్లు, అంకె నెమ్మదిగా లేవడం దాని ముసలితనానికి మొదటి గుర్తు. ఈ పరీక్షకు ఖర్చు ఎక్కువని కాంట్రాక్టర్లు అంటుంటారు. 58 లీటర్ల సిలిండర్‌తో, పరీక్షకు అర లీటరు చొప్పున వేసుకున్నా, వందకు పైగా పరీక్షలు చేయొచ్చు.

గుంతలో కొలవడం

గాలి వాటం చూసుకుని, గాలి మీ వీపుకు తగిలేలా నిలబడండి. మూత పూర్తిగా ఎత్తకముందే, సందు చేసి గొట్టం కొస లోపల పెట్టి మొదటి రీడింగ్ తీసుకోండి. మూత కింద నిలిచిపోయిన గ్యాస్ ఎత్తినవాడి ముఖానికే కొడుతుంది.

గొట్టం కొసను వేలితో మూసి చూడండి. పంపు ఆగి అలారం ఇస్తే గొట్టంలో లీకు లేదు. ఇవ్వకపోతే మీటర్ పీల్చేది గుంతలోని గాలి కాదు, పైన ఉన్న గాలి. ఈ చిన్న పరీక్ష వదిలేసే అలవాటు చాలా చోట్ల ఉంది, దయచేసి వదలకండి.

గ్యాస్ గొట్టం దాటి సెన్సర్‌కు చేరడానికి సమయం పడుతుంది. ఆరు మీటర్ల గొట్టమంటే ఇంచుమించు 20 అడుగులు. అడుగుకు రెండు సెకన్లు చొప్పున 40, సెన్సర్ తేరుకోవడానికి ఇంకో 30, మొత్తం 70 సెకన్లు. ప్రతి లోతులోనూ రెండు నిమిషాలు ఆగండి. మీ గొట్టం సంగతి కచ్చితంగా తెలియాలంటే, బంప్ టెస్ట్ గ్యాస్‌ను గొట్టం కొస దగ్గర వదిలి ఎన్ని సెకన్లకు అంకె లేస్తుందో చూసి, ఆ లెక్క మీటర్ వెనక అంటించండి.

పైన, మధ్యలో, అడుగున కొలవాలి. నాలుగడుగులకు ఒక చోటు తప్పొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే కొంచెమే బరువు, 1.19 రెట్లు. సాధారణంగా అడుగున పేరుకుంటుంది గానీ, వేడి నీళ్ల సంప్‌లో పైకీ లేస్తుంది. అందుకని అడుగు ఒక్కటే చూసి ఊరుకోకూడదు. కొస నీటికి జానెడు ఎత్తున ఆగేలా గొట్టం మీద ముందే టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. ఒక్క గుక్క నీళ్లు పీల్చిందంటే ఫిల్టర్ మూసుకుపోతుంది, గొట్టంలో నిలిచిన తేమ గ్యాస్‌ను కరిగించుకుని తక్కువ చూపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద మోసం బురదది. కదలని బురద మీద గాలి శుభ్రంగా ఉంటుంది, దిగడానికి అనుమతిచ్చే పర్మిట్ మీద సున్నా రాస్తారు. మనిషి దిగి మొదటి పార వేయగానే అణిగి ఉన్న గ్యాస్ బుడగలై లేస్తుంది. కాబట్టి పైనుంచే పొడవాటి కర్రతో నాలుగు మూలలా బురద కలబెట్టండి, కలబెడుతూనే మీటర్ చూడండి. అప్పుడొచ్చే అంకే దిగేవాడు పీల్చబోయే గాలిది.

బ్లోయర్ గొట్టం అడుగు దాకా దించి గాలి కొట్టించండి. బ్లోయర్ గాలి తీసుకునే వైపు జనరేటర్ పొగ లేకుండా చూడండి. తర్వాత మళ్లీ మూడు లోతుల్లో కొలవండి. ఆపై బ్లోయర్‌ను పది నిమిషాలు ఆపి ఇంకోసారి కొలిస్తే అసలు గుట్టు తెలుస్తుంది. అంకె తిరిగి లేస్తే గ్యాస్ ఇంకా పుడుతున్నట్టు. ఆ గుంతలోకి మనిషిని పంపకుండా, ముందు నీళ్లు తోడించి కడిగించండి. ఒకవేళ దిగినా పని జరిగినంతసేపూ బ్లోయర్ నడవాలి, మీటర్ కొలుస్తూనే ఉండాలి. తిండికి బయటికొస్తే మళ్లీ మొదటి నుంచి కొలవాలి.

కొలిచిన మనిషే సంతకం పెట్టాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ నాటి నుంచీ ఉన్న నియమమిది: తాను స్వయంగా చేసిన పరీక్ష మీద అర్హుడైన వ్యక్తి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. లేదంటే దిగేవాడు శ్వాస పరికరం తొడుక్కుని, బెల్టుకు తాడు కట్టుకోవాలి, దాని రెండో కొస బయట మనిషి చేతిలో ఉండాలి. నిన్నటి రీడింగ్ చూసి ఈరోజు సంతకం చేయడం నేరం, అంతకంటే పాపం.

అంకెలు వింతగా ఉంటే

మైనస్ చూపిస్తే సున్నా చేసిన చోట గ్యాస్ ఉండి ఉండాలి, లేదా గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్, క్లోరిన్ లాంటివి ఉండి సెన్సర్‌ను వెనక్కి లాగుతూ ఉండాలి. నైట్రేషన్ బ్లాకుల దగ్గర ఇది జరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ అసలు గ్యాస్ కనిపించే అంకె కంటే ఎక్కువే. మర్‌క్యాప్టాన్ వాసన పదార్థాలు అంకెను పెంచుతాయి. అలా అని "మర్‌క్యాప్టానేలే" అని అలారం ఆపేయకండి. మీటర్ కొలవగల హద్దు దాటిపోతే బయటికొచ్చాక తప్పకుండా మళ్లీ బంప్ టెస్ట్ చేయాలి, ఎందుకంటే ఒక్కసారి భారీ మోతాదు తగిలిన సెన్సర్ కాసేపు సరిగ్గా పనిచేయదు.

గోడకు బిగించే డిటెక్టర్లను నేలకు అడుగు, అడుగున్నర ఎత్తున, పంపు సీళ్లు, శాంపిల్ పాయింట్లు, డ్రైనేజీ మూతల దగ్గర, సెన్సర్ ముఖం కిందికి ఉండేలా పెట్టాలి. వాటికి సాలెగూళ్లు, తుప్పు, పెయింటర్ల బ్రష్షు, నేల కడిగే నీళ్ల జెట్టు శత్రువులు.

ఎవరైనా పడిపోతే

పడిపోయిన వాడి వెంట దూకకండి. ముఖ్యమైన మాట ఇది. మనవాడు కళ్ల ముందే కూలిపోతుంటే ఆగడం ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాం. దిగినవాడికి మొదటి నుంచీ హార్నెస్ (ఒంటికి బిగించే బెల్టుల తొడుగు), తాడు, పైన ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు), తాడు చుట్టి లాగే వించి ఉంటే పైనుంచే లాగేయొచ్చు. తప్పనిసరిగా దిగాల్సి వస్తే వీపున సిలిండర్ ఉన్న శ్వాస పరికరం వేసుకున్న శిక్షణ ఉన్న మనిషే దిగాలి. గాలిని వడకట్టే కార్ట్రిడ్జి మాస్కు ఆ గాలిలో కాపాడదు. బయటికి తీశాక గాలి వచ్చే వైపుకు చేర్చండి, 108కి ఫోన్ చేయండి, ఆక్సిజన్ పెట్టండి. ఊపిరి ఆగితే బ్యాగ్ మాస్కుతో ఇవ్వండి, నోటితో నోటికి వద్దు. అతని మీటర్‌ను ఆపేయకండి, రీసెట్ చేయకండి. అందులో గరిష్ఠ రీడింగ్ ఉంటుంది. దాన్ని, ఎంతసేపు లోపల ఉన్నాడో ఆ సమయాన్ని, "హైడ్రోజన్ సల్ఫైడ్" అన్న పేరును ఒక కాగితం మీద రాసి, అంబులెన్సులో వెళ్లే మనిషి చేతికివ్వండి. డాక్టరు ముందుగా అడిగేది అదే.