బూడిద గుళికలకు ఏ బైండర్ వాడాలి?

ముద్దనూరు దగ్గర ఆర్‌టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) బొగ్గు బూడిదతో గుళికలు చేద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ బైండర్ (బూడిదను పట్టి ఉంచే పదార్థం) చవక అని. ధర సంగతి తర్వాత చూద్దాం. గుళిక చివరికి ఎక్కడికి పోతుంది, దానికి నీళ్లు తగులుతాయా లేదా అన్నది ముందు తేల్చుకోండి.

లారీలో దుమ్ము లేవకుండా ఉంటే చాలు అనుకుంటే మొలాసిస్ (చక్కెర మిల్లులో మిగిలే మడ్డి) సరిపోతుంది. కానీ ఒక్క వానకే కరిగి మళ్లీ బురదవుతుంది, కాబట్టి కాంక్రీట్‌లో కంకర బదులు వేసే గుళికలకు దాని జోలికి పోవద్దు. బెంటోనైట్ అనే బంకమట్టి పచ్చి గుళిక విరగకుండా కాపాడుతుంది, అంతవరకే. అది రాయిలా గట్టిపడాలంటే 1100–1200 డిగ్రీల వేడిలో కాల్చాలి.

బట్టీ లేనివాళ్లకు మిగిలేవి సిమెంట్, సున్నం. మన బొగ్గు బూడిదలో సిలికా, అల్యూమినా ఎక్కువ, కాల్షియం తక్కువ, అందుకే నీళ్లు కలిపినంత మాత్రాన తనంతట తాను గట్టిపడదు, ఆ కాల్షియం మనమే ఇవ్వాలి. తొందరగా పట్టు కావాలంటే సిమెంట్, నూటికి 8–10 పాళ్లతో మొదలుపెట్టి చూడండి. కొన్ని వారాలు ఆగగలిగితే సున్నం, దాంతోపాటు కొద్దిగా జిప్సం.

సున్నం కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. మూతి విప్పి పెట్టిన బస్తాలో సున్నం గాలి తగిలి మెల్లగా సున్నపురాయి పొడిగా మారిపోతుంది, ఇక అది బూడిదతో కలవదు. తాడిపత్రి, బేతంచెర్ల పాలిష్ యూనిట్ల రాతిపొడి కూడా అలాంటిదే, తెల్లగా మెత్తగా ఉన్నా అది సున్నం కాదు, దాన్ని బైండర్‌గా లెక్కవేయకండి. సరిగ్గా చావని (నీళ్లు పూర్తిగా పట్టని) సున్నపు గడ్డలు లోపల ఉండిపోతే తర్వాత ఉబ్బి గుళికను పగలగొడతాయి, జల్లెడ పట్టాల్సిందే. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా సున్నం ముట్టుకోవద్దు, కంట్లో పడితే చాలా ప్రమాదం.

మన కడప ఎండల్లో ఎక్కువగా దెబ్బతినేది క్యూరింగే, అంటే గుళికలను తడి ఆరకుండా ఉంచి గట్టిపడనివ్వడం. గుళికలు ఎండితే గట్టిపడ్డాయనుకుంటారు, నిజానికి తడి పోగానే లోపలి రసాయన చర్య ఆగిపోతుంది. నీడలో పోసి, తడి గోనెపట్టాలు కప్పి, అవి ఆరకుండా చూసుకోండి.

ఒక్కో బైండర్‌తో చిన్న మోతాదులో గుళికలు చేసి, క్యూరింగ్ అయ్యాక గ్లాసు నీళ్లలో ఒక రోజంతా వదిలేయండి. నీళ్లు బాగా మురికిగా మారినా, వేళ్ల మధ్య నలిపితే పైపొర జారినా ఆ పాళ్లు పనికిరావు. ప్లాంటు బూడిద చెరువులో తడిసిన బూడిద తెచ్చుకుంటే ఈ పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాలి, అందులో ముతక రేణువులు ఎక్కువ, సున్నంతో అంత చురుగ్గా కలవవు.