గ్రానైట్ దుమ్ముతో ఊపిరితిత్తులు చెడిన కార్మికులకు నష్టపరిహారం: దరఖాస్తు విధానం

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ పరిసరాల్లోని గ్రానైట్ క్వారీల్లో, కటింగ్, పాలిషింగ్ యూనిట్లలో, కంకర క్రషర్ల వద్ద ఏళ్ల తరబడి పనిచేసి, దమ్ముతో, అంటే ఆయాసంతో, ఇంటిపట్టున పడినవారు నష్టపరిహారం కోసం కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లి "కాగితాలు సరిపోవు" అనిపించుకుని తిరిగి రావడం తరచుగా కనిపిస్తున్నది. నిజానికి వారిలో చాలామంది చేతిలో సంచీ నిండా కాగితాలే ఉంటాయి. లేనిది ఒక్క వైద్య ధ్రువపత్రం. ఒకవేళ అది ఉన్నా, అందులో ఉండవలసిన విషయం ఉండదు. అందువల్ల ఇక్కడ ఫారం నింపే పద్ధతికి తక్కువ చోటు, ఆ ధ్రువపత్రానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

రాయిని తొలిచినప్పుడు, కోసినప్పుడు, పిండి చేసినప్పుడు లేచే సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల లోపలికంటా చేరి అక్కడ మచ్చలు కడుతుంది. ఈ వ్యాధి పేరు సిలికోసిస్. ఆ మచ్చలను మాన్పే మందు లేదు. పని మానేసిన తరువాత కూడా వ్యాధి ముదరవచ్చు. సాధారణంగా పదేళ్లకు పైబడి దుమ్ములో ఉన్నవారిలో ఇది బయటపడుతుంది, దుమ్ము మరీ దట్టంగా ఉండేచోట ఐదేళ్లు నిండకముందే రావచ్చు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం తన మూడవ షెడ్యూలు సి భాగంలో సిలికోసిస్‌ను, సిలికోసిస్‌తో కూడిన క్షయను వృత్తి వ్యాధులుగా చేర్చి, అవి సోకడాన్ని పనిలో జరిగిన ప్రమాదంతో సమానంగా పరిగణించింది. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. వృత్తి వ్యాధుల పట్టిక ఆ కోడ్‌లోనూ ఉన్నది కాబట్టి, "పాత చట్టం పోయింది, ఇక మీకు వచ్చేదేమీ లేదు" అని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు.

ముందుగా తేల్చుకోవలసింది ఏ కార్యాలయానికి వెళ్లాలన్న విషయం. జీతంలోంచి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా, కోత ఉండి, బీమా నంబరు ఉన్నవారు ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయం ద్వారానే క్లెయిము చేసుకోవాలి. అక్కడ వ్యాధి వృత్తి సంబంధమైనదా కాదా అన్నది ప్రత్యేక వైద్య బోర్డు తేలుస్తుంది. ఈఎస్ఐ లేనివారు, అంటే క్వారీ, క్రషర్ కూలీల్లో అధికులు, కార్మిక శాఖలో నష్టపరిహార కమిషనర్‌గా వ్యవహరించే అధికారి వద్ద దరఖాస్తు చేయాలి. పని చేసిన చోటే చేయాలన్న నియమం లేదు. దరఖాస్తుదారు నివసించే ప్రాంతపు కమిషనర్ వద్ద కూడా చేయవచ్చు కనుక, ఇక్కడ పనిచేసి జబ్బుతో ఒడిశాకో బిహార్‌కో తిరిగి వెళ్లిపోయిన కార్మికుడు మళ్లీ ఇంత దూరం రానక్కరలేదు.

ఇన్నాళ్లుగా వాడుకలో ఉన్న నమూనాల ప్రకారం కార్మికుడు స్వయంగా దరఖాస్తు చేస్తే ఫారం ఎఫ్, కార్మికుడు మరణించాక కుటుంబ సభ్యులు చేస్తే ఫారం జి. పేరు, చిరునామా, వయసు, నెల వేతనం, యజమాని వివరాలు, వ్యాధి వివరాలు, యజమానికి నోటీసు ఇచ్చిన తేదీ, ఇంతే. ఆధార్, వయసు రుజువు, బ్యాంకు పాసుపుస్తకం ప్రతులు జతచేయాలి. దీనికి వేలకు వేలు తీసుకునేవారి దగ్గరకు వెళ్లవలసిన పని లేదు. పారిశ్రామిక కార్మికులకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని నియమిస్తుంది. ఫోను నంబరు 15100. కార్మిక సంఘం ప్రతినిధి కూడా కార్మికుని అనుమతి పత్రంతో కమిషనర్ ఎదుట హాజరు కావచ్చు.

అసలు చిక్కు వైద్య ధ్రువపత్రం

కార్మికుని సంచీలో సాధారణంగా కనిపించేవి టీబీ మందుల కార్డు, ఆర్‌ఎంపీ రాసిన చీటీలు, ఏదో ప్రైవేటు ఆసుపత్రి బిల్లులు. సిలికోసిస్ మచ్చలు ఎక్స్‌రేలో క్షయ మచ్చలను పోలి ఉంటాయి. తెమడ పరీక్షలో క్రిములు కనబడకపోయినా, దగ్గు, బరువు తగ్గడం చూసి టీబీ మందులు మొదలుపెట్టడం జరుగుతుంది. పైగా సిలికోసిస్ ఉన్నవారికి నిజంగానే క్షయ సోకే అవకాశం ఎక్కువ. కాబట్టి రికార్డులో టీబీ అని ఉన్నంత మాత్రాన కేసు పోయినట్టు కాదు. టీబీ అని మాత్రమే ఉంటే యజమాని తరఫు న్యాయవాదికి వాదన దొరికినట్టు. వైద్యులు టీబీ మందులు ఇస్తే పూర్తిగా వాడాలి, మధ్యలో మానరాదు. దానితోపాటు, అదే సమయంలో సిలికోసిస్ ఉన్నదా లేదా అన్నది కూడా తేల్చి రాయమని అడగాలి.

ఇందులో మొదటి అడుగు ఓపీ చీటీ దగ్గరే పడుతుంది. కౌంటరులో వృత్తి ఏమిటని అడిగితే మనవాళ్లు "కూలీ" అంటారు, రాసుకునేవారు అదే రాసుకుంటారు. వ్యవసాయ కూలీ కూడా కూలీయే కనుక, తరువాత విచారణలో ఆ చీటీ ఎందుకూ కొరగాదు. "గ్రానైట్ కటింగ్ మిషను మీద పన్నెండేళ్లు పని", "క్వారీలో డ్రిల్లింగు ఎనిమిదేళ్లు" అని పని పేరు, సంవత్సరాలు కలిపి చెప్పాలి. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మళ్లీ అదే చెప్పి, కేసు షీటులో రాయమని మర్యాదగా కోరాలి. జబ్బు తొలినాళ్లలో, పరిహారం ఆలోచన ఎవరికీ లేనప్పుడు ఆసుపత్రిలో నమోదైన పని వివరానికి, ఆ తరువాత ఎంత మంది సాక్షులు చెప్పినా రానంత విలువ ఉంటుంది.

రెండవది, ధ్రువపత్రం ఇచ్చే వైద్యుడు. చట్టం అడిగేది అర్హత గల, రిజిస్టరైన వైద్యుని నిర్ధారణ. వరంగల్ ఎంజీఎం వంటి ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఛాతీ వ్యాధుల విభాగపు నిపుణుడు ఇచ్చినదైతే ఎదుటి పక్షం తేలికగా కొట్టిపారేయలేదు. ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్, గాలి ఊదించి చూసే స్పైరోమెట్రీ పరీక్ష, తెమడ పరీక్ష, ఈ నాలుగింటి ఫలితాలూ ఒకచోట చేర్చుకోవాలి. దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల ఎక్స్‌రేలను చదవడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్ఓ, రూపొందించిన వర్గీకరణ ఉన్నది. ఆ పద్ధతి ప్రకారం చదివిన నివేదిక దొరికితే మరీ మంచిది. ఇప్పుడు చాలా చోట్ల ఎక్స్‌రేను కంప్యూటరులో చూసి ఫిల్ము ఇవ్వకుండానే పంపుతున్నారు. ఫిల్మో, సీడీయో అడిగి తీసుకోవాలి.

మూడవది, ఎక్కువమంది పడిపోయే చోటు. ధ్రువపత్రంలో వ్యాధి పేరు ఒక్కటే ఉంటే సరిపోదు. చేతివేలు తెగితే ఎంత శాతమో చట్టంలోని షెడ్యూలే చెబుతుంది. ఊపిరితిత్తులకు అలాంటి లెక్క లేదు. అలాంటప్పుడు సంపాదన సామర్థ్యంలో ఎంత శాతం నష్టం జరిగిందో వైద్యుడే అంచనా వేసి రాయాలని చట్టం చెబుతున్నది. "బరువు పనులు చేయరాదు", "విశ్రాంతి అవసరం" అన్న వాక్యాలు ఆ అంచనా కిందికి రావు. వ్యాధి పేరు, అది రోగి చేసిన పని వల్ల వచ్చిందన్న అభిప్రాయం, ఆ అభిప్రాయానికి ఆధారమైన పరీక్షలు, వ్యాధి మొదట గుర్తించిన తేదీ, సంపాదన సామర్థ్యంలో నష్టం శాతం, వైద్యుని రిజిస్ట్రేషన్ నంబరు, ఇవన్నీ ఒకే కాగితం మీద ఉండాలి.

ఈ శాతం మీదే మొత్తం లెక్క నడుస్తుంది. పూర్తి శాశ్వత వైకల్యానికి నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. వేతనం ఎంత ఉన్నా 2020 జనవరి 3 నాటి ప్రకటన ప్రకారం 15,000 రూపాయల వరకే లెక్కలోకి వస్తుంది. 40 ఏళ్ల వయసుకు గుణకం 184.17 కనుక, 15,000 వేతనం మీద పూర్తి వైకల్యానికి వచ్చేది 16,57,530 రూపాయలు. వైద్యుడు నష్టం 50 శాతమని రాస్తే అందులో సగం, 8,28,765 రూపాయలు. శాతం రాయని ధ్రువపత్రంతో ఈ లెక్క మొదలే కాదు.

ఇక్కడే సదరం, అంటే దివ్యాంగులకు ఇచ్చే వైకల్య ధ్రువపత్రం, గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. శాతం అనగానే సదరం శిబిరం గుర్తుకు వచ్చి, దమ్ముతో ఉన్న మనిషిని ఆటోలో తీసుకుపోయి క్యూలో నిలబెట్టే కుటుంబాలు ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఊపిరితిత్తుల వ్యాధి లేదు. అక్కడ తిప్పి పంపితే అది ఆ సిబ్బంది కాఠిన్యం కాదు. వెళ్లవలసిన చోటు అది కాదు. ఊపిరితిత్తులకు సదరం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారు మాత్రం ఈ సంగతి బాగా తెలిసినవారే.

వైద్యులు శాతం రాయడానికి వెనుకాడితే దానికి వారి కారణాలు వారికి ఉంటాయి. రేపు సాక్ష్యానికి పిలుస్తారన్న జంకు అందులో ఒకటి. వారితో వాదించి ప్రయోజనం లేదు. వ్యాధి నిర్ధారణ, పరీక్షల ఫలితాలు మాత్రం రాయించుకుని, వాటితోనే దరఖాస్తు దాఖలు చేసి, తనను వైద్య బోర్డుకు పంపి శాతం నిర్ణయించమని కమిషనర్‌ను రాతపూర్వకంగా కోరవచ్చు. సాక్షులను పిలిపించే అధికారం కమిషనర్‌కు ఉన్నది. సిలికోసిస్ అధికారులకు తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధి కాబట్టి, గుర్తించిన వైద్యుడు ఆ సమాచారం కర్మాగారాల తనిఖీ శాఖకో, క్వారీ కార్మికుడైతే గనుల భద్రతా శాఖకో పంపితే దాని ప్రతి కూడా పనికి వస్తుంది. నోటీసు అందిన తరువాత యజమాని తన ఖర్చుతో వైద్య పరీక్షకు రమ్మంటే నిరాకరించకూడదు. నిరాకరిస్తే పరిహారం హక్కు అంతవరకు నిలిచిపోతుంది. వెళ్లాలి, అయితే అక్కడ చదవకుండా ఏ కాగితం మీదా సంతకం చేయకూడదు.

మరణం సంభవించిన ఇళ్లలో మరొక ఇబ్బంది. ఇంట్లో దమ్ముతో పోయిన మనిషికి ఎవరూ పోస్టుమార్టం చేయించరు. అలాంటప్పుడు బతికి ఉన్నప్పటి ఎక్స్‌రేలు, స్కాన్లు మాత్రమే మిగిలే సాక్ష్యం. దినాలు కాగానే ఇల్లు సర్దుతూ ఆ ఫైలు పారేయవద్దు.

ఎవరి దగ్గర పనిచేశారు, ఎప్పుడు మానేశారు

మేస్త్రీ చేతి కింద, మస్టరులో పేరు లేకుండా పనిచేసినవారు "మాకు రుజువు లేదు" అనుకుంటారు. పీఎఫ్ పాసుపుస్తకం, ఫోన్‌పేలో వచ్చిన కూలీ డబ్బుల స్టేటుమెంటు, గేటు పాసు, పని స్థలంలో దిగిన ఫోటో, తోటి కార్మికుల ప్రమాణ పత్రాలు, ఏది దొరికితే అది జతచేయాలి. గుత్తేదారు ద్వారా పనిచేసినా అసలు యజమాని మీద క్లెయిము చేయవచ్చు. ఇద్దరు ముగ్గురు సేట్ల దగ్గర పనిచేసినవారు చివరి యజమాని పేరొక్కటే రాసి నష్టపోతున్నారు. సి భాగం వ్యాధులకు పనిచేయించుకున్న యజమానులందరూ బాధ్యులే, ఎవరి వాటా ఎంతో కమిషనర్ నిర్ణయిస్తారు. అందరి పేర్లూ రాయాలి.

గడువు రెండేళ్లు. దగ్గు మొదలైన రోజు నుంచి ఈ రెండేళ్లు లెక్కపెట్టరు. జబ్బు వల్ల వరుసగా పనికి పోలేకపోయిన రోజుల్లో మొదటి రోజు ప్రమాదం జరిగిన తేదీ అవుతుంది. పని మానేసిన రెండేళ్ల లోపు లక్షణాలు బయటపడితే, అవి గుర్తించిన రోజే ఆ తేదీ. మరణం విషయంలో మరణించిన తేదీ నుంచి రెండేళ్లు. గడువు దాటినా, తగిన కారణం చూపితే కమిషనర్ స్వీకరించవచ్చు. వ్యాధిని ఏళ్ల తరబడి టీబీగానే భావించడం రికార్డుతో చూపగలిగితే అది చెప్పదగిన కారణమే. అయినా ఆ దయ మీద ఆధారపడి ఆలస్యం చేయడం మంచిది కాదు. యజమానికి నోటీసు రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

ఏనుమాముల, జమ్మికుంట, పరకాల వైపు జిన్నింగు మిల్లుల్లో పత్తి దుమ్ముతో బాధపడేవారికీ ఇదే దారి. బిస్సినోసిస్ అనే ఆ వ్యాధి కూడా సి భాగంలోనే ఉన్నది. సెలవు తరువాత పనికి వెళ్లిన మొదటి రోజు ఛాతీ పట్టేసినట్టుండి, వారం గడిచేకొద్దీ తగ్గడం దాని లక్షణం; డాక్టరుకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

పైరవీకారుల విషయానికి వస్తే, వారు సాధారణంగా అడిగేది వచ్చే డబ్బులో వాటా. నష్టపరిహారం మొత్తాన్ని మరొకరికి రాసివ్వడానికి చట్టం ఒప్పుకోదు. బాండు పేపరు మీద రాయించుకున్నా అది చెల్లదు. అలాగే "నాకు రావలసింది ఏమీ లేదు" అని యజమాని రాయించుకున్న కాగితం కూడా హక్కును చంపలేదు. రాజీ కుదిరితే తప్పేమీ లేదు, అయితే ఆ ఒప్పందాన్ని కమిషనర్ వద్ద నమోదు చేయించాలి. మరణం కేసులో యజమాని నేరుగా కుటుంబం చేతిలో పెట్టిన డబ్బును పరిహారంగా లెక్కించరు; కమిషనర్ వద్ద జమచేస్తేనే లెక్క.

దరఖాస్తును మూడు నెలల్లో పరిష్కరించాలని నియమం. ఆచరణలో వాయిదాలు పడతాయి, ప్రతి వాయిదాకూ హాజరు కావాలి. రాలేనంత దమ్ము ఉంటే వైద్యుని చీటీతో ప్రతినిధిని పంపాలి. చెల్లించవలసిన నాటి నుంచి నెలలోపు యజమాని చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే 50 శాతం వరకు జరిమానా వేయవచ్చు కనుక, దరఖాస్తులో ఈ రెండూ అడిగామా లేదా అన్నది దాఖలు చేసేముందు చూసుకోవాలి. ఉత్తర్వు మీద హైకోర్టుకు వెళ్లడానికి గడువు 60 రోజులు; యజమాని వెళ్లదలిస్తే ముందు మొత్తం డబ్బు కమిషనర్ వద్ద జమచేయాలి. ఉత్తర్వు వచ్చాక కూడా యజమాని చెల్లించకపోతే, భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే రెవెన్యూ శాఖ ద్వారా వసూలు చేయించమని అదే కమిషనర్‌కు మరొక దరఖాస్తు ఇవ్వాలి.