సీఎస్‌వీలో చెదిరిన తెలుగు పేర్లు: నా అనుభవం

మా పూర్వ విద్యార్థుల సంఘం ఉపకార వేతనాలకు గూగుల్ ఫారం ద్వారా దరఖాస్తులు స్వీకరించింది. సమాధానాలను సీఎస్‌వీ (విలువలను కామాలతో వేరుచేసే సాదా పాఠ్య) ఫైలుగా దించుకొని ఎక్సెల్‌లో నేరుగా తెరవగా, విద్యార్థుల తెలుగు పేర్లన్నీ అర్థంకాని గుర్తులుగా కనిపించాయి. ఆ ఫైలు వాడే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో (కంప్యూటరు అక్షరాలను బైట్లుగా భద్రపరిచే సంకేత పద్ధతి) ఒక్కో తెలుగు అక్షర సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది. ఎక్సెల్ వాటిని వేరే సంకేత పద్ధతిలో చదివినందువల్ల ఒక్కో అక్షర సంకేతం మూడు వింత గుర్తులుగా విడిపోయింది. సమాచారం మాత్రం ఫైలులో చెక్కుచెదరలేదు.

అందుకే ఫైలును నేరుగా తెరవకుండా, ఖాళీ వర్క్‌బుక్‌లో డేటా మెనూలోని ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెచ్చి, ఫైల్ ఆరిజిన్ వద్ద 65001 యూనికోడ్ (అంటే యూటీఎఫ్-8) ఎంచుకోగానే పేర్లు సరిగా వచ్చాయి.

అంతకంటే ప్రమాదకరమైనది బ్యాంకు ఖాతా సంఖ్యల నిలువు వరుస. ఎక్సెల్ సంఖ్యలలో 15 అంకెలనే నిలుపుకొని, ఆపై అంకెలను సున్నాలుగా మారుస్తుంది. మొదట ఉన్న సున్నాలను తొలగిస్తుంది. పేర్ల లోపం కంటికి కనిపిస్తుంది గాని ఇది కనిపించదు, డబ్బు మాత్రం విద్యార్థికి చేరదు. కనుక లోడ్ చేయకముందే ‘ట్రాన్స్‌ఫార్మ్ డేటా’లో ఆ వరుసను టెక్స్ట్‌గా మార్చి, ముందున్న రకం మార్పు స్థానంలో దీన్ని ఉంచాలా అని ఎక్సెల్ అడిగినప్పుడు ‘రీప్లేస్ కరెంట్’ ఎంచుకొని, ప్రతి ఖాతా సంఖ్యను ఫారంలోని అసలు సమాధానంతో పోల్చి చూశాను.