సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ బండి: బేరానికి ముందు బ్యాటరీని కొలవండి

పాత పెట్రోలు బండి కొనేటప్పుడు ఇంజను చప్పుడు విని, పొగ రంగు చూసి ఒక అంచనాకు వస్తాం. ఎలక్ట్రిక్ బండి అలా బయటపడదు. బ్యాటరీ సగం చచ్చినా మొదటి మూడు కిలోమీటర్లు కొత్తదానిలాగే లాగుతుంది, ట్రయల్‌కి ఇచ్చేది కూడా ఆ మూడు కిలోమీటర్లే. బండి ఖరీదులో మూడో వంతుకు పైగా బ్యాటరీదే కాబట్టి బేరం దాని చుట్టూనే తిరగాలి. ముందు అదే మోడల్‌కి కొత్త బ్యాటరీ ఎంతవుతుందో సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోండి. పాత బ్యాటరీ ఆర్నెల్లలో పోతే ఆ మొత్తం మీ జేబులోంచే పోతుంది. ఆ లెక్క వేసుకున్నాకే ధర మాట్లాడండి.

ఏ బ్యాటరీయో ముందు తేల్చుకోండి. చౌక బండ్లలో, ముఖ్యంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేని వాటిలో, లెడ్ యాసిడ్ ఉంటుంది. సీటు కిందో కాళ్ల కిందో 12 వోల్టుల డబ్బాలు వరసగా కనిపిస్తాయి: నాలుగుంటే 48 వోల్టులు, అయిదుంటే 60. నాలుగు కలిపి పాతిక కిలోలు దాటుతాయి. లిథియం అయితే ఒకే పెట్టె, చాలా తేలిక. లిథియంలో మళ్లీ రెండు రకాలు, ఎన్‌ఎంసీ, ఎల్‌ఎఫ్‌పీ. ఏదన్నది లేబుల్ మీద ఉంటుంది. లేబుల్ చిరిగిపోయినా, దాని మీద వేరే స్టిక్కర్ అంటించినా ఆ బండి వదిలేయండి. రకం తెలియకపోతే సరైన చార్జరు ఏదో తెలియదు, అక్కడే ప్రమాదం మొదలవుతుంది.

చార్జరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బయటికి అన్నీ 48 వోల్టుల బ్యాటరీలే అయినా ఫుల్ చార్జ్‌లో ఒకటి కాదు. లోపల 13 సెల్ వరసలున్న ఎన్‌ఎంసీ ప్యాక్ 54.6 వోల్టుల దగ్గర నిండుతుంది, 16 వరసల ఎల్‌ఎఫ్‌పీ 58.4 దగ్గర. నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీల చార్జరు దాదాపు 59 వోల్టుల దాకా తోస్తుంది. పాత లెడ్ యాసిడ్ బండికి ఎవరో ఎన్‌ఎంసీ ప్యాక్ బిగించి పాత చార్జరే ఇస్తే, ప్యాక్‌ని కాపాడే బీఎంఎస్ బోర్డు ఒక్కటే అడ్డం. అది ఫెయిలైతే సెల్స్ 4.2 వోల్టులు దాటి ఉడుకుతాయి. కాబట్టి చార్జరు మీద రాసిన అవుట్‌పుట్ వోల్టేజీ, బ్యాటరీ లేబుల్ మీద రాసిన చార్జింగ్ వోల్టేజీ ఒకటేనా కాదా అన్నది చేత్తో పట్టుకుని చదవండి. పిన్ను సరిపోయింది కదా అని ఊరుకోవద్దు.

ఇక అసలు పరీక్ష. లేబుల్ మీద 60 వోల్టులు, 30 ఏహెచ్ (యాంపియర్ అవర్లు) అని ఉంటే రెండూ హెచ్చవేయండి: 1800 వాట్ అవర్లు, అంటే ఇంటి మీటరు లెక్కలో 1.8 యూనిట్లు. గోడ సాకెట్‌కి పెట్టే చిన్న ఎనర్జీ మీటరు ప్లగ్ ఒకటి కొనుక్కోండి. బండిని దాదాపు సున్నా దాకా నడిపించి, ఆ ప్లగ్ ద్వారా ఫుల్ చార్జ్ పెట్టించండి. పదిశాతం పైచిలుకు చార్జరులోనే వేడిగా పోతుంది కాబట్టి బాగున్న 1.8 యూనిట్ల ప్యాక్ గోడ నుంచి రెండు యూనిట్ల పైన తాగాలి. 1.4 దగ్గరే ఫుల్ అంటే మిగిలింది మూడింట రెండు వంతులే. అంతకంటే తగ్గితే కొత్త బ్యాటరీ ధర పూర్తిగా తీసేసి బేరమాడండి. డిస్‌ప్లే మీద వంద శాతం అన్నది నమ్మొద్దు: అది మిగిలిన బ్యాటరీలో వంద శాతం, కొత్తదాంట్లో కాదు. ఈ లెక్క లిథియానికే పనిచేస్తుంది. లెడ్ యాసిడ్ చార్జింగ్‌లో ఎక్కువ కరెంటు వృథా చేస్తుంది కాబట్టి దానికి మల్టీమీటరే దారి, ఎలాగో కింద ఉంది.

అమ్మేవాళ్లు రాత్రంతా చార్జింగ్ పెట్టనివ్వకపోతే రోడ్డు మీద చూడండి. విజయవాడలో అయితే బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీదుగా వెళ్లి, దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కి, గొల్లపూడి దాకా ఇద్దరు కూర్చుని పోయి రండి. గుంటూరులో రోడ్లు చదును కాబట్టి బరువుతోనే పరీక్షించాలి: ఇద్దరెక్కి అమరావతి రోడ్డు మీద గోరంట్ల దాటి వెనక్కి రండి. బండి ఎంత దూరం వచ్చిందన్నది ఒక్కటే కాదు, శాతం ఎలా తగ్గిందో చూడండి. మెల్లగా, సమానంగా తగ్గితే మంచిదే. ఎత్తు ఎక్కేటప్పుడు అరవై నుంచి ఒక్కసారిగా ఇరవైకి పడి, ఆపగానే మళ్లీ నలభై చూపిస్తే లోపల ఒక సెల్ వరస బలహీనపడిందని అర్థం. రోజూ ఆఫీసుకి పది కిలోమీటర్లు నడిపినంత కాలం అది ఇబ్బంది పెట్టదు. ఇంటిల్లిపాదీ బయల్దేరిన రోజున నడిరోడ్డు మీద ఆపేస్తుంది.

విజయవాడలో ఇంకో పరీక్ష తప్పనిసరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీటిని తట్టుకునే రేటింగ్ ఐపీ67 అని రాసున్నా, దానర్థం మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకోవడం, అన్ని రోజులు కాదు. అంతకుముందు కొన్న బండి అయితే సీటు కింద ప్లాస్టిక్ తీయించి టార్చి వేయండి. మూలల్లో ఎండిన ఒండ్రు, కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము, మోటారును నడిపే కంట్రోలర్ పెట్టె బోల్టుల తుప్పు, హెడ్‌లైట్ లోపల ఆవిరి మరకలు, పాత వైరింగ్ మధ్య అక్కడక్కడా కొత్త టేపు. వీటిలో రెండు కనిపిస్తే ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. నీరు దిగిన ప్యాక్ నెలల తర్వాత కూడా షార్ట్ కావచ్చు.

కాగితాల దగ్గర ఎక్కువ చెప్పాల్సింది లేదు. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. అలాంటి బండికి స్పీడ్ లాక్ తీసేశాం, నలభై పోతుందని గొప్పగా చెబితే జాగ్రత్త: ఆ క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్ లేని వాహనమే. మిగతావాటికి ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉండాలి. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, అప్పు తీరిందని చూపే ఫారం 35 వచ్చాకే డబ్బివ్వండి, బదిలీకి ఫారం 29, 30. బ్యాటరీ మీది సీరియల్ నంబరు కొన్నప్పటి బిల్లుతో సరిపోల్చండి, మంచి బ్యాటరీ తీసి పాతది పెట్టి అమ్మడం జరుగుతుంటుంది. యాప్‌తో నడిచే బండి అయితే పాత యజమాని ఖాతా నుంచి మీ ఖాతాకు అక్కడే మార్పించుకోండి. ఆ కంపెనీకి సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో ఉందా లేదా అన్నది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బీఎంఎస్‌కీ కంట్రోలర్‌కీ సాఫ్ట్‌వేర్ తాళం ఉన్న బండిని ఆటోనగర్‌లో ఎంత చేయి తిరిగిన మెకానిక్ అయినా తెరవలేడు.

కొన్నాక వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు బ్యాటరీ లోపలివి కావు. చార్జింగ్ ఎక్కడం లేదంటే ఈ వరసలో చూడండి. వేరే సాకెట్‌లో పెట్టండి. సీటు కింద ఎంసీబీ పడిపోయిందేమో చూడండి. చార్జింగ్ పోర్టులో పిన్ను వంగిందా, నల్లబడిందా చూడండి. తర్వాత చార్జరు అవుట్‌పుట్‌ని మల్టీమీటరుతో కొలవండి. లెడ్ యాసిడ్ చార్జరు సున్నా చూపిస్తే సాధారణంగా పోయినట్టే. కొన్ని లిథియం చార్జర్లు మాత్రం బ్యాటరీ తగిలితే తప్ప వోల్టేజీ ఇవ్వవు, కాబట్టి సున్నా చూసి కొత్తది కొనేయకండి, అదే మోడల్ బండి చార్జరు అడిగి తెచ్చి పెట్టి చూడండి. చార్జరు పెట్టగానే ఆకుపచ్చ లైటు వస్తే కరెంటు బ్యాటరీలోకి వెళ్లడం లేదని అర్థం: ఫ్యూజు, కనెక్టర్, లేదా బీఎంఎస్ దారి మూసేసింది.

గతుకుల్లో బండి ఆగి మళ్లీ స్టార్టయితే బ్యాటరీ మీద అనుమానం కంటే ముందు కనెక్టర్ చూడాలి. వదులైన చోట వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. అది మార్చడం చిన్న ఖర్చు, అదే రేటింగ్‌ది వేయించండి.

లెడ్ యాసిడ్‌లో జబ్బు ఎక్కడుందో కనిపెట్టడం తేలిక. ఫుల్ చార్జ్ చేసి, చార్జరు తీసి మూడు గంటలు ఆగి ఒక్కో డబ్బా విడిగా కొలవండి. 12.8 వోల్టులు, ఆపైన ఉంటే బాగున్నట్టు. 12.5 లోపు ఉన్నదాన్ని గుర్తుపెట్టుకోండి. బండి శక్తి తగ్గేదాకా నడిపి మళ్లీ కొలవండి. మిగతావి 12 దగ్గరుండి ఒకటి 10.5 లోపు పడితే దొంగ అదే. సెట్టు వేసి ఏడాది కాకపోతే అదొక్కటి అదే కంపెనీ, అదే ఏహెచ్‌ది మార్చండి. అంతకంటే పాతదైతే అన్నీ కలిపి మార్చాలి, లేదంటే కొత్తదాన్ని కూడా పాతవి లాగేస్తాయి. చార్జరు ఎన్ని గంటలైనా ఆకుపచ్చకి మారక, ఒక డబ్బా మాత్రం ముట్టుకోలేనంత వేడెక్కుతుంటే దాన్లో ఒక సెల్ షార్ట్ అయింది, వెంటనే తీసేయండి. ఇవి సీల్డ్ బ్యాటరీలు, మూత ఊడదీసి డిస్టిల్డ్ వాటర్ పోస్తే బాగుపడవు.

లిథియంలో రేంజి కాస్తే తగ్గితే మొదటి మందు ఓపిక. సెల్ వరసలు సమానం కావడం చాలా ప్యాక్‌లలో ఫుల్ చార్జ్ దగ్గరే జరుగుతుంది, అదీ చాలా సన్నటి కరెంటుతో. వారానికోసారి ఫుల్ అయ్యాక ఇంకో రెండు మూడు గంటలు, పగటిపూట, మనుషులు ఉన్నప్పుడు ప్లగ్ ఉంచండి. అలా నాలుగైదుసార్లు చేసినా మార్పు లేకపోతే ప్యాక్ తెరిచి ప్రతి వరస వోల్టేజీ చూడాలి, అది ఇంట్లో చేసే పని కాదు. రిపేరు చేసేవాళ్లు అన్ని వరసల అంకెలూ మీకు చూపించాలి. ఎన్‌ఎంసీలో 2 వోల్టుల కింద చాలాకాలం పడి ఉన్న సెల్‌ని 'లేపుతాం' అంటే ఒప్పుకోవద్దు. లోపలి రాగి కరిగి, మళ్లీ చార్జ్ చేసినప్పుడు లోలోపలే షార్ట్ అవుతుంది. బీఎంఎస్ తీసేసి డైరెక్టుగా వైరు కలిపితే బండి నడుస్తుందనేవాళ్ల దగ్గర బ్యాటరీ ఒక్క నిమిషం కూడా ఉంచకండి.

2022 ఏప్రిల్‌లో విజయవాడలోనే పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ ఏడాది దేశంలో వరసగా బండ్లు తగలబడ్డాకే బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 నిబంధనలు కఠినమయ్యాయి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు తయారైన ప్యాక్ కొంటే మరింత జాగ్రత్త అవసరం. పడుకునే గదిలో, గుమ్మానికి అడ్డంగా చార్జింగ్ పెట్టవద్దు. మే నెల ఎండలో తిరిగి వచ్చిన బండికి ముప్పావుగంట ఆగి, ముట్టుకుంటే వేడి తగలకుండా ఉన్నప్పుడే ప్లగ్ పెట్టండి. 45 డిగ్రీలు దాటిన సెల్‌కి చార్జింగ్ మంచిది కాదు, మన ఊళ్లలో వేసవి గాలే దాని దగ్గరికి వెళ్తుంది. తెల్లవారుజామున చార్జ్ చేసుకోవడం మేలు. నెల రోజులు ఊరెళ్తుంటే లిథియాన్ని సగం చార్జ్‌లో వదలండి, లెడ్ యాసిడ్‌ని మాత్రం ఫుల్ చేసి వెళ్లండి.

పెట్టె ఉబ్బినా, బుసబుసమని చప్పుడు వచ్చినా, థిన్నర్ లాంటి వాసన తగిలినా వీలైతే మెయిన్ స్విచ్ ఆపి అందరూ బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయండి. బ్యాటరీని చేత్తో మోయబోవద్దు. పనికిరాని లిథియం ప్యాక్ కనెక్టర్‌కి ఇన్సులేషన్ టేపు చుట్టి కంపెనీ సర్వీస్ సెంటర్‌కే అప్పగించండి, పాత ఇనుప సామాన్ల బండికి వేయకండి. లెడ్ యాసిడ్‌కైతే కొత్త సెట్టు కొనే షాపులోనే పాతదానికి ధర కట్టి తీసుకుంటారు.