శృంగార కావ్యంపై వివాదాన్ని పరిశీలించే పద్ధతి

ఒక శృంగార రచన సమాజాన్ని చెడగొడుతుందన్న ఆరోపణ వినిపించినప్పుడు, ముందు ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరి వరకు చదవాలి. గొడవపడేవారిలో చాలామంది ఈ చిన్న పని చేయరు. చేతిలో ఉన్నది ఏ ముద్రణో కూడా చూసుకోవాలి. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనము’ పూర్వపు ముద్రణలో అవతారిక, కొన్ని పద్యాలు లేకపోగా, సంగీత విద్వాంసురాలు బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి 1910లో వావిళ్ల వారి చేత పూర్తి పాఠాన్ని అచ్చు వేయించారు. తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేసిన రాధ, ఆపైన అసూయతో అలిగితే, అతడు బతిమాలి ఊరడించడమే అందులోని కథ.

అభ్యంతరం పద్యం మీదా, రాసినవారి మీదా అన్నది తరువాత తేల్చుకోవాలి. వీరేశలింగం పంతులు కావ్యాన్ని నిందిస్తూ కవయిత్రి వేశ్య అన్న మాటను కూడా ఎత్తారు. సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు లేదా అని నాగరత్నమ్మ నిలదీశారు. నాకు ఆ ప్రశ్నే వివాదమంతటికీ కీలకం అనిపిస్తుంది.

హాని జరిగిందనేవారిని ఎవరికి, ఎలా జరిగిందో ఆధారంతో చెప్పమనాలి. చట్టాన్నీ చూడాలి: 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు ఏది అశ్లీలమో తేల్చడానికి సమకాలీన సమాజ ప్రమాణాలనే కొలమానంగా తీసుకుంది. ‘రాధికా సాంత్వనము’ మీద బ్రిటిష్ ప్రభుత్వం విధించిన నిషేధాన్ని 1947లో ప్రకాశం పంతులు తొలగించారు.